ఇరవై నాలుగు పోగులు

ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఒక పని చెబితే, చెయ్యకుండానే "అయిపోయిందిలే" అని నువ్వు ఎన్నిసార్లు అనలేదు? తల తిప్పుకోకు. నీకే చెబుతున్నాను. మందు తెచ్చానన్నావు, ఫోన్ చేశానన్నావు, నీ పేరున దణ్ణం పెట్టి వచ్చానన్నావు. వాళ్ళు లేచి వచ్చి చూడలేరు కదా అన్నదే నీ ధైర్యం. సురేష్‌కి ఉన్నదీ ఆ ధైర్యమే. అతను చెడ్డవాడేం కాదు. తాగడు, పేకాడడు, పరాయి సొమ్ము ముట్టడు. అందుకే అతని కథ చెబుతున్నాను. చెడ్డవాళ్ళ కథ చెబితే నీది కాదనుకుని హాయిగా నిద్రపోతావు.

సురేష్‌ది గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టులో గుమాస్తా ఉద్యోగం. వయసు నలభై రెండు. సొంతూరు పెడన. నేతపని ఇల్లు. కొట్టు వెనక సందులో, రెండో అంతస్తులో మూడు గదుల వాటాలో కాపురం. భార్య శ్రీదుర్గ స్కూల్లో టీచరు. పిల్లలు లేరు. మూడో మనిషి అతని అక్క చౌడేశ్వరమ్మ. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చింది.

ఆమె జుట్టు గురించి చెప్పాలి. మోకాళ్ళ దాకా ఉండేది. యాభై ఏళ్ళొచ్చినా ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ జుట్టు నిజానికి ఆమెది కాదు, అమ్మవారిది. సురేష్‌కి ఆరేళ్ళప్పుడు మెదడువాపు వచ్చి, బందరు ఆసుపత్రిలో పదకొండు రోజులు కళ్ళు తెరవలేదు. పద్నాలుగేళ్ళ చౌడేశ్వరమ్మ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని బెజవాడ కొండ వైపు తిరిగి మొక్కుకుంది. "నా తమ్ముణ్ణి ఇయ్యి తల్లీ. నా తల నీలాలు నీకిస్తా." పన్నెండో రోజు పిల్లవాడు మంచినీళ్ళు అడిగాడు.

మొక్కు తీర్చుదామంటే తండ్రి పాండురంగయ్య ఒప్పుకోలేదు. "గుండుతో పెళ్ళిచూపులకు కూర్చుంటావా? పెళ్ళయ్యాక ఇద్దువుగాని" అన్నాడు. పెళ్ళయ్యాక మొగుడు వద్దన్నాడు. మొగుడు పోయాక ఆమే వాయిదా వేసింది. అంత జుట్టు మీద ఆడమనిషికి మమకారం ఉండదా? ఆ వాయిదాల్లోనే ఆమెకు జబ్బు బయటపడింది. క్యాన్సర్. రెండోసారి మందు ఎక్కించేసరికి దిండు మీద జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయింది.

ఆమె ఏడవలేదు. రాలిన ప్రతి వెంట్రుకా ఏరింది. నేతింటి ఆడది కదా. కుదుళ్ళన్నీ ఒకవైపు, కొసలన్నీ ఒకవైపు వచ్చేలా పోగు పోగు సర్ది, నూలు చిలప చుట్టినట్టు చుట్టి, పసుపు గుడ్డలో మూటకట్టింది.

"ఒరే సూరీ, నేను కొండ ఎక్కలేను. నా తరఫున నువ్వు తీసుకెళ్ళి తలనీలాలు తీసేచోట ఇచ్చిరా. ముప్పై ఆరేళ్ళు ఆగింది తల్లి. ఇంక ఆగదు."

శుక్రవారం వెళ్ళాడు. వరస పెద్దదిగా ఉంది. అందరూ తలలతో వచ్చారు. ఇతనొక్కడే సంచీతో వచ్చాడు. రోగిష్టి మనిషి రాలిన జుట్టు ఇది అని నలుగురిలో విప్పి ఎలా చూపించడం? ఏమంటారో? పది నిమిషాలు నిలబడి చెమటలు తుడుచుకున్నాడు. తర్వాత కిందికొచ్చి ఒక కుంకుమ పొట్లం, ఒక పులిహోర ప్రసాదం కొన్నాడు.

"ఇచ్చేశానక్కా" అన్నాడు ఇంటికొచ్చి.

ఆమె కుంకుమ తీసుకుని బోడి మాడుకు అద్దుకుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. "నీ నోట చక్కెర పొయ్యా" అంది.

పసుపు మూట అతని పనిబల్ల సొరుగులోకి వెళ్ళింది. వచ్చే శుక్రవారం తప్పకుండా ఇచ్చేద్దామనే అనుకున్నాడు. నువ్వూ అలాగే అనుకుంటావు.

ఆ పనిబల్ల సంగతి. సురేష్‌కి బొమ్మ విమానాలు కట్టే పిచ్చి ఉంది. పిల్లల బొమ్మలు కావు. అసలు విమానాన్ని డెబ్భై రెండో వంతుకు కుదించి, ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలో పెట్టి అమ్ముతారు. అతికించి, రంగులు వేసి, అసలుదే అనిపించేలా నిలబెట్టాలి. ఆ ఏడాది పాత పుస్తకాల దుకాణంలో ఒక పెట్టె దొరికింది. యాభై ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళ సీమలో అచ్చుపోసినది. టైగర్ మాత్ అనే శిక్షణ విమానం. ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలు, మధ్యలో నిట్టాడులు.

ఆ కాలపు అచ్చులు మొరటుగా ఉండేవి. పైలట్ కూర్చునే చోట ఒక గుంట, అందులో ఒక దిమ్మ. రెక్కల అంచులు దిబ్బరొట్టె మందం. లోపాలన్నీ కొన్నవాడే తన చేత్తో సరిదిద్దుకోవాలి. సురేష్ ఐదు నెలలు కూర్చున్నాడు. పలచటి ప్లాస్టిక్ రేకు కోసి రెండు కుర్చీలు చేశాడు. వాటికి నడికట్లు పెట్టాడు. సగం నూకగింజంత మీటర్లకు సూదిమొనతో ముళ్ళు గీశాడు. అక్క మింగిన మాత్రల అట్ట మీది బుడగ కోసి గాలి అద్దం అమర్చాడు. రెక్కల అంచులు గరుకు కాగితంతో రుద్ది తమలపాకంత చేశాడు. పనిమంతుడే. కాదనను.

రెక్కల మధ్య బిగించే తీగలే మిగిలాయి. మొత్తం ఇరవై నాలుగు. ప్లాస్టిక్ కాడను వేడిచేసి దారంలా సాగదీస్తే అది ఫ్యాను గాలికే పుటుక్కుమంది. నైలాన్ దారం మోకులా కనిపించింది. రాగితీగ మెరిసింది. ఆదివారం బెంజ్ సర్కిల్ దగ్గర ఒక హాల్లో పోటీ. హైదరాబాద్ నుంచి న్యాయనిర్ణేతలు వస్తున్నారు.

అతనిలాగే విమానాలు కట్టే జయంత్ అనే సెల్‌ఫోన్ల కొట్టాయన టీ తాగుతూ అన్నాడు. "పాతకాలం వాళ్ళు ఏం వాడేవాళ్ళో తెలుసాండీ సురేష్ గారూ? ఆడవాళ్ళ తలవెంట్రుక. దాని ముందు ఏ దారమైనా దిగదుడుపే. మీ ఆవిడ దువ్వెన మీద కన్నెయ్యండి."

"మా ఆవిడవి రింగులండీ. ఇస్త్రీ పెట్టినా నిలబడవు."

"అయితే ఇంకెవర్నన్నా చూసుకోండి మరి. మీ ఇంట్లో చెప్పను లెండి!" అని పకపకా నవ్వాడు జయంత్.

సురేష్ కూడా నవ్వాడు. నవ్వుతూనే సొరుగు గుర్తుకొచ్చింది.

'ఇరవై నాలుగే కదా. అన్ని వేలల్లో ఇరవై నాలుగు. మిగతాదంతా అమ్మవారికే.'

శనివారం కొట్టుకు సెలవు పెట్టాడు. శ్రీదుర్గ స్కూలుకెళ్ళింది. వాయుగుండం పట్టి పొద్దుటి నుంచి ఒకటే వాన. మధ్యాహ్నం రెండింటికే సందు చీకటిపడ్డట్టయింది. కరెంటు పోయింది. కింద కొట్ల ముందు బేళ్ళ మీద కప్పిన గోనెపట్టాలు తడిసి, ముక్కవాసనా గంజివాసనా కలిసి మేడ మీదికి వస్తున్నాయి. చూరు నీళ్ళు రేకు మీద టపటపా పడుతున్నాయి. పక్క గదిలో అక్క పడుకుని ఉంది. మధ్య తలుపు తీసే ఉంది.

సురేష్ ఛార్జింగ్ లైటు పెట్టుకుని సొరుగు లాగాడు. పసుపు గుడ్డ ముడి విప్పాడు. కొబ్బరినూనె వాసన గుప్పున కొట్టింది. దాని అడుగున ఆసుపత్రి వాసన. చిలప లోంచి ఒక వెంట్రుక పట్టి లాగాడు. అది మెత్తగా, పొడుగ్గా వచ్చింది. మిగతా జుట్టంతా కాస్త కదిలి... మళ్ళీ సర్దుకుంది.

పై రెక్కకు పెట్టిన సన్నటి బెజ్జంలో ఒక కొస దూర్చి జిగురు చుక్క పెట్టాడు. రెండో కొస కింది రెక్కలో దూర్చి బిగించి లాగాడు.

"అబ్బ..." పక్క గదిలో అక్క మూలిగింది.

ఒత్తిగిలి ఉంటుంది అనుకున్నాడు. జిగురు ఆరేదాకా ఇరవై అంకెలు లెక్కపెట్టి, మిగిలింది కత్తిరించాడు. ఎంత బాగుందో! నిజంగా ఉక్కు తీగే. పెడనలో చిన్నప్పుడు పాత పడుగుకు కొత్త పడుగు అతికేటప్పుడు, పోగు పక్కన పోగు పెట్టి రెండు వేళ్ళతో ఎలా నులమాలో అక్కే నేర్పింది. బొటనవేలూ చూపుడువేలూ ఆ పని మరిచిపోలేదు.

రెండోది. మూడోది. నాలుగోది బిగిస్తుంటే మళ్ళీ మూలుగు.

"ఏమైందక్కా? మంచినీళ్ళు కావాలా?"

"వద్దురా. మాడు మీద ఎవరో లాగుతున్నట్టుంది. మగ్గానికి పడుగు బిగిస్తారే, అట్టా." చిన్నగా నవ్వింది. "లాగడానికి అక్కడ ఏముందనీ... పిచ్చి రోగం."

సురేష్ నవ్వలేదు. ఐదో వెంట్రుక చేతిలో ఉంది. దాన్ని బెజ్జంలో దూర్చాడు. లాగలేదు. ఆగాడు. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇరవై లెక్కపెట్టాడు. నలభై లెక్కపెట్టాడు. అక్క గదిలో చడీచప్పుడూ లేదు.

లాగాడు.

"అమ్మా..."

వదిలాడు. మూలుగు ఆగింది.

మళ్ళీ లాగాడు, మెల్లగా. మూలుగు కూడా మెల్లగా, సాగుతూ... అతని వేళ్ళు ఎంతసేపు లాగితే అంతసేపు.

ఇక్కడ ఆగి నిన్ను అడుగుతున్నాను. నువ్వైతే ఏం చేసేవాడివి? పసుపు గుడ్డ ముడేసుకుని వానలో చెప్పుల్లేకుండా కొండకు పరిగెత్తేవాడినంటావు. సురేష్ కూడా తర్వాత అదే అన్నాడు, అలా చేసి ఉండాల్సిందని. ఆ మధ్యాహ్నం అతను చేసింది వేరు. లేచి, చప్పుడు కాకుండా, మధ్య తలుపు దగ్గరికి వేసి వచ్చాడు.

ఆరు. ఏడు. ఎనిమిది...

తలుపు వేసినా వినిపించింది. పన్నెండోదానికి ఆమె పిలిచింది. "సూరీ." అతను పదమూడోది అందుకున్నాడు. పదిహేనోదానికి గొంతులో మాట లేదు, గాలే ఉంది. పద్దెనిమిదోదానికి మంచం కోడు నేలకు కొట్టుకుంది. అతని చేతులు వణకలేదు. అదే అతనికి ఇప్పటికీ అర్థం కాదు. కళ్ళల్లో నీళ్ళు కారుతున్నాయి, చేతులు మాత్రం చక్కగా పనిచేస్తున్నాయి.

ఇరవై.

'ఇంకా నాలుగే ఉన్నాయి.'

ఇరవై ఒకటి... ఇరవై రెండు... ఇరవై మూడు...

చివరిదానికి ఏ చప్పుడూ రాలేదు. దానికి ఇంకా భయమేసింది.

కత్తెర కింద పెట్టాడు. ఫ్యాను లేదు, కిటికీ మూసి ఉంది. అయినా విమానం మీది తీగలు సన్నగా, దోమ పాటలా మోగుతున్నాయి. వేలితో ముట్టుకుంటే ఆగాయి. తీస్తే మోగాయి.

తలుపు తీశాడు.

చౌడేశ్వరమ్మ మంచం మీద లేచి కూర్చుని ఉంది. నెల రోజులుగా తనంతట తాను లేవని మనిషి. తలకు చుట్టుకున్న గుడ్డ జారి ఒళ్ళో పడింది. గుమ్మం వైపే చూస్తోంది.

"ఇంకా ఎన్ని ఉన్నాయిరా?"

"ఏంటక్కా?"

"పోగులు."

ఛార్జింగ్ లైటు వెలుగు అతని భుజం మీదుగా వెళ్ళి ఆమె మాడు మీద పడింది. ఎర్రటి చుక్కలు. సూదితో పొడిచినట్టు, వరసగా. లెక్కపెట్టకూడదనుకున్నాడు. లెక్కపెట్టాడు.

"అయిపోయాయక్కా" అన్నాడు. ఆ నెలలో ఆమెకు అతను చెప్పిన నిజం అదొక్కటే.

"సరే అయితే" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. "కాసేపు పడుకుంటా." గోడ వైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున శ్రీదుర్గ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వదినగారు కళ్ళు తెరవట్లేదండీ. పాలు కూడా లోపలికి పోవట్లేదు. ఇవాళ వెళ్ళకండి."

"గంటలో వచ్చేస్తాను."

"ఇవాళ తీసుకెళ్ళకపోతే ఆ బొమ్మ ఎగిరిపోతుందా ఏమన్నా?"

"ఐదు నెలల కష్టం శ్రీదుర్గా."

ఆమె పక్కకు జరిగింది. ఆ చూపును దాటుకుని, అట్టపెట్టెను గుండెకు ఆనించుకుని మెట్లు దిగాడు.

హాల్లో అందరి బొమ్మలూ వదిలేసి జనం అతని బల్ల చుట్టూ మూగారు. జయంత్ భుజం మీద కొట్టాడు. పదకొండు గంటలకు హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దాయన భూతద్దం పట్టుకుని వంగాడు.

"అద్భుతమండీ. ఈ తీగలు... ఏం దారమిది?"

"నైలానండీ."

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో, ముందు వరస తీగ ఒకటి మెత్తబడి కిందికి వేలాడింది. దాని పక్కది. ఆ పక్కది. పెద్దాయన భూతద్దం తియ్యకుండానే చూస్తున్నాడు. ఇరవై నాలుగూ ఒకదాని వెనక ఒకటి వదులై, తలారబోసుకున్నట్టు రెక్కల మీదుగా జారిపడ్డాయి.

"చివర్లో తొందరపడ్డారు" అన్నాడాయన జాలిగా, పక్క బల్లకు నడుస్తూ.

సురేష్ జేబులో ఫోను మోగింది. శ్రీదుర్గ.

ఫోను ఎత్తకముందే అతనికి తెలుసు. తెలిసీ, మొదట కలిగిన బాధ మాత్రం బహుమతి పోయిందనే. ఈ సంగతి అతనే తన నోటితో చెప్పాడు, నేల చూపులు చూస్తూ. దెయ్యాన్ని చూసినవాడు భయం గురించి చెబుతాడు. ఇతను సిగ్గు గురించే చెప్పాడు.

అక్క కర్మకాండ అయిన మర్నాడు శ్రీదుర్గ దగ్గర అంతా కక్కేశాడు. ఆమె అరవలేదు. "ముందు వాటిని తీసి కొండకు పట్టుకెళ్ళండి" అంది, అంతే. ఆ రోజు నుంచి అతని కంచంలో వడ్డిస్తుంది గాని, అతనితో కలిసి కూర్చుని తినదు.

బీరువా మీది అట్టపెట్టె తెరిచాడు. తీగలన్నీ మళ్ళీ బిగిసి ఉన్నాయి. హాల్లో కన్నా బిగువుగా. కింది రెక్కలు పైకి విల్లులా వంగిపోయాయి. తను చెక్కిన కుర్చీలు రెండూ నుజ్జయ్యాయి. గోళ్ళ కత్తెరతో ఒక్కొక్కటే తుంచాడు. తుంచిన ప్రతిదీ చివ్వున లేచి అతని కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ చుట్టుకుంది. విడదీసి పసుపు గుడ్డలో వేశాడు. అన్నీ వేశాననే అనుకున్నాడు.

కొండ మీద నలుగురి ముందూ మూట విప్పాడు. ఎవరూ నవ్వలేదు, ఏమీ అడగలేదు. అక్కడ పనిచేసే అతను రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకుని తలనీలాల్లో కలిపేశాడు. రెండు నిమిషాల పని. మొక్కు తీరింది. అబద్ధం మాత్రం తీరలేదు.

వారానికి ఆ రెండు వేళ్ళూ వాచాయి. మొదట ఎర్రగా, తర్వాత నేరేడుపండులా. మొదళ్ళలో చుట్టూ సన్నటి గాడి పడింది, దారంతో కోసినట్టు. కంకిపాడులో తెలిసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన లైటు కిందకు చెయ్యి లాగి చూశాడు.

"లోపల వెంట్రుక దిగిందయ్యా. పసిపిల్లల వేళ్ళకు ఇట్టా చుట్టుకుంటుంది. పెద్దవాడివి, ఇంతవరకూ ఎట్టా చూసుకోలేదు?" అని, నర్సు వైపు తిరిగాడు. "హెప్సిబా, పట్టుకారుతో కొస పట్టుకుని లాగమ్మా. మెల్లగా."

హెప్సిబా లాగింది. వెంట్రుక వచ్చింది. జానెడు... మూరెడు... ఇంకా వస్తూనే ఉంది. నల్లగా, తడిగా, కొబ్బరినూనె వాసనతో. డాక్టరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయింది. హెప్సిబా మళ్ళీ లాగింది. ఆమె చెయ్యి చిన్న కుదుపుతో ముందుకు వెళ్ళింది. ఇంకోసారి. పట్టుకారు వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"సార్... అటువైపు నుంచి ఎవరో లాగుతున్నారు సార్."

వెంట్రుక అందరి కళ్ళ ముందే సర్రున లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే, రక్తం ఆడక చచ్చుబడ్డ రెండు వేళ్ళూ మొదలంటా తీసేశారు. తీసిన వేళ్ళల్లో ఏమీ దొరకలేదు.

ఇప్పుడు సురేష్ విమానాలు కట్టడు. బట్టల తాను విప్పి చూపలేడు, కత్తెరతో కోసివ్వలేడు కాబట్టి కొట్టులో కౌంటరు దగ్గర్నుంచి తీసేసి గోడౌను తలుపు దగ్గర కూర్చోబెట్టారు. చొక్కా గుండీలు శ్రీదుర్గ పెడుతుంది, మొహం చూడకుండా. బొటనవేలు లేని కుడిచేత్తో అన్నం కలవదు. పెళ్ళి పంక్తిలో కూర్చున్నా ఎడమచేత్తోనే తినాలి. పక్కవాళ్ళు చూసి విస్తరి కాస్త అవతలికి జరుపుకుంటారు. అతను తల ఎత్తడు.

ఇంకొకటి ఉంది. ఇంట్లో వండినా, హోటల్లో తిన్నా, పంక్తిలో వందమందికి ఒకే గుండిగలోంచి వడ్డించినా, అతని మొదటి ముద్దలో ఒక వెంట్రుక వస్తుంది. పొడుగ్గా, నల్లగా. తీసి పక్కన పెడితే ఎవరిదని అడుగుతారు. అందుకని అతను తియ్యడు. చుట్టూ చూసి, గుటక వేసి మింగేస్తాడు.